పాత పాప్ ఆల్బమ్‌లు మళ్లీ వినాలంటే: ఏ చార్టును నమ్మాలి, ఏది కొనాలి, విశాఖ గాలిలో ఎలా దాచాలి

విశాఖపట్నంలో 1970లు, 80ల నాటి ఇంగ్లిష్ పాప్ పాటలు తెలిసిన ఇళ్లకు కొదవ లేదు. నౌకాదళం, రేవు, షిప్‌యార్డు, రైల్వే, ఉక్కు కర్మాగారం ఉన్న ఊరు కదా. ఓడల మీద పనిచేసినవారు తెచ్చిన క్యాసెట్లు, బదిలీల మీద వచ్చిన కుటుంబాలు వెంట తెచ్చుకున్న రికార్డులు ఇప్పటికీ కొన్ని ఇళ్ల అటకల మీద ఉన్నాయి. వాటిని కిందికి దించి మళ్లీ వినాలనుకునే పెద్దవాళ్లకూ, అమ్మానాన్నల నోట ఆ పేర్లు విని ఇప్పుడే మొదలుపెడుతున్న పిల్లలకూ వచ్చే సందేహాలు ఒకటే. ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి? అసలు ఆల్బమ్ కావాలా, హిట్ పాటల సంకలనం చాలా? రికార్డు, క్యాసెట్, సీడీ, ఫోనులో స్ట్రీమింగ్, వీటిలో ఏది మేలు?

ఎక్కువమంది చేసేది ఏమిటంటే, వారం వారం ఏ ఆల్బమ్ ఎక్కువ అమ్ముడైందో వరుసగా చూపే పాత చార్టుల జాబితా తెరిచి, మొదటి స్థానం దక్కించుకున్న ఆల్బమ్‌లను ఏడాది వారీగా వింటూ పోవడం. ఈ పద్ధతిని నేను సిఫారసు చేయను. పది ఆల్బమ్‌లు వినేసరికి విసుగు పుట్టి, మంచివాటిని చేరేలోపే ఆపేస్తారు. చార్టు చాలా విలువైన ఆధారమే. అయితే అందులో చూడవలసిన అంకె వేరే ఉంది.

మొదటి స్థానం చెప్పేది ఎంత?

పింక్ ఫ్లాయిడ్ వారి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' 1973లో వచ్చింది. అమెరికాలో బిల్‌బోర్డ్ అనే సంగీత పత్రిక ప్రకటించే ఆల్బమ్ చార్టులో అది మొదటి స్థానంలో ఉన్నది ఒకే ఒక్క వారం. కానీ 1973 నుంచి 1988 లోపు అదే చార్టులో ఎక్కడో ఒకచోట మొత్తం 741 వారాలు నిలిచింది. దీని పక్కన 1982ను చూడండి. ఆ ఏడాది ఏషియా అనే బృందం తొలి ఆల్బమ్ 9 వారాలు మొదటి స్థానంలో ఉండి, బిల్‌బోర్డ్ సంవత్సరాంతపు జాబితాలోనూ అగ్రస్థానం పొందింది. ఆ తర్వాత మెన్ ఎట్ వర్క్ బృందం ఆల్బమ్ 15 వారాలు ఏలింది. 1990 చివర్లో వనిల్లా ఐస్ ఆల్బమ్ ఏకంగా 16 వారాలు అక్కడే కూర్చుంది. వీటిలో ఏదీ చెవికి కటువుగా ఉండదు. అయినా ఇవాళ వాటిని మొదటి పాట నుంచి చివరి పాట దాకా వినేవాళ్లు అరుదు. మొదటి స్థానం ఆ వారం దుకాణాల్లో హడావుడి ఎంతో చెబుతుంది. చార్టులో నిలిచిన మొత్తం వారాలు, జనం ఆ ఆల్బమ్‌తో ఎంతకాలం కలిసి బతికారో చెబుతాయి. పాతవాటిని వెతికేవారికి కావలసింది ఈ రెండో అంకె.

అంకెలు పోల్చేటప్పుడు ఏళ్లను కూడా గమనించాలి. 1991 మే వరకు బిల్‌బోర్డ్ చార్టు దుకాణదారులు ఫోనులో చెప్పే వివరాల మీద ఆధారపడేది. ఏది ఎక్కువ అమ్ముడవుతోందో వాళ్లు వరుస చెప్పేవారు. ఆ నెల నుంచి దుకాణాల్లో బిల్లు యంత్రం నమోదు చేసిన అసలు అమ్మకాలను సౌండ్‌స్కాన్ అనే వ్యవస్థ ద్వారా తీసుకోవడం మొదలైంది. దాంతో చార్టు నడక మారిపోయింది. అంతకుముందు ఆల్బమ్‌లు మెట్టు మెట్టుగా పైకి వెళ్లేవి. విట్నీ హ్యూస్టన్ తొలి ఆల్బమ్ 1985లో విడుదలై మొదటి స్థానానికి చేరడానికి దాదాపు ఏడాది పట్టింది. ఆ తర్వాతి రోజుల్లో విడుదలైన వారమే శిఖరం మీద దిగడం మామూలైంది. 1999లో బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ 'మిలీనియం' అమెరికాలో ఒక్క తొలి వారంలోనే 11 లక్షలకు పైగా అమ్ముడైంది. కాబట్టి 1985 నాటి మొదటి స్థానాన్నీ 1999 నాటి మొదటి స్థానాన్నీ ఒకే తూకంలో పెట్టకూడదు.

ఇంకొక చిక్కు ఉంది. 1991 నుంచి 2009 దాకా బిల్‌బోర్డ్ పాతబడిన ఆల్బమ్‌లను ప్రధాన చార్టులోంచి తీసి వేరే చార్టులో ఉంచింది. 2009 జూన్‌లో మైకేల్ జాక్సన్ మరణించినప్పుడు ఆయన పాత సంకలనం దేశంలో అన్నిటికంటే ఎక్కువగా అమ్ముడైనా ప్రధాన చార్టులో కనిపించకపోవడానికి కారణం ఇదే. ఆ ఏడాది చివర్లో నియమం మార్చారు. అందుకే ఆ మధ్యకాలపు ప్రధాన చార్టులో ఒక పాత ఆల్బమ్ పేరు లేదంటే జనం దాన్ని మరిచిపోయారని అనుకోవద్దు.

అమెరికా చార్టా, బ్రిటన్ చార్టా?

ఈ విషయం మన ఊరివారికి మరీ ముఖ్యం. ఇంటర్నెట్‌లో దొరికే జాబితాల్లో ఎక్కువ భాగం అమెరికావే. మన ఇళ్లలో మోగిన పాటలు మాత్రం చాలావరకు ఐరోపా నుంచి వచ్చినవి. బోనీ ఎమ్ వారి 'నైట్‌ఫ్లైట్ టు వీనస్' 1978లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. అమెరికాలో 134వ స్థానం దాటలేదు. ఒక్క అమెరికా జాబితానే పట్టుకుని కూర్చుంటే, 'రివర్స్ ఆఫ్ బాబిలాన్', 'రాస్పుటిన్' ఉన్న ఆల్బమ్ మీ కంటపడే అవకాశమే లేదు. ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే మొదట చెప్పే పేర్లలో అది ఉంటుంది. ఆబ్బా సంగతీ అంతే. బ్రిటన్‌లో ఆ బృందానికి 9 పాటలు మొదటి స్థానానికి చేరాయి. అమెరికాలో ఒక్క 'డ్యాన్సింగ్ క్వీన్' మాత్రమే, అదీ 1977లో.

నా సలహా: 1970ల సంగీతానికి బ్రిటన్ చార్టును చేతిలో పెట్టుకోండి. 1983 తర్వాత అమెరికా చార్టు సరిపోతుంది. మైకేల్ జాక్సన్, మడోన్నా కాలానికి రెండు దేశాల రుచులూ, మన రుచీ చాలావరకు ఒకటయ్యాయి.

జంటలుగా పెట్టి చూస్తే

ఒక్కో కాలం నుంచి రెండేసి ఆల్బమ్‌లు ఎదురెదురుగా పెడతాను. రెండూ వినదగినవే. మొదట ఏది అన్నదే ప్రశ్న.

*'థ్రిల్లర్' (1982), 'బ్యాడ్' (1987).* తొమ్మిదే పాటలు, 42 నిమిషాల నిడివి, అమెరికాలో 37 వారాలు మొదటి స్థానం, తొమ్మిదిలో ఏడు పాటలు సింగిల్స్ (విడిగా అమ్మే పాటలు) చార్టులో తొలి పదిలోకి. 'థ్రిల్లర్' అంకెలు అందరికీ తెలిసినవే. నేను చెప్పదలచుకున్నది ఆ ఏడింటిలో చేరని రెండు పాటల గురించి. 'బేబీ బి మైన్', 'ద లేడీ ఇన్ మై లైఫ్' సింగిల్స్‌గా రాలేదు. రేడియోలోనూ టీవీలోనూ అరిగిపోయేలా మోగలేదు. అందుకే ఇప్పుడు విన్నా కొత్తగా ఉంటాయి. చివరి పాటలో జాక్సన్ గొంతు ఎంత మెత్తగా సాగుతుందో వింటే, ఆయనను నృత్యకారుడిగా మాత్రమే గుర్తుపెట్టుకున్నవారికి ఆశ్చర్యం కలుగుతుంది. 'బ్యాడ్' నుంచి ఐదు పాటలు అమెరికా సింగిల్స్ చార్టులో మొదటి స్థానం పొందాయి. ఒకే ఆల్బమ్ నుంచి ఐదు రావడం అదే తొలిసారి. కానీ దాని డ్రమ్ముల శబ్దం, సింథసైజర్ పదును 1987 తేదీని మొహం మీదే చూపిస్తాయి. 'థ్రిల్లర్'లో ఆ తేదీ అంతగా కనిపించదు. మొదట 'థ్రిల్లర్'. అది కంఠస్థమైనవారు 'బ్యాడ్'ను సీడీలో వినండి. 'లీవ్ మీ అలోన్' అప్పట్లో సీడీలో మాత్రమే ఇచ్చిన పాట, రికార్డు మీద లేదు.

*'రూమర్స్' (1977), 'సాటర్డే నైట్ ఫీవర్' (1977).* ఫ్లీట్‌వుడ్ మ్యాక్ 'రూమర్స్' అమెరికాలో 31 వారాలు మొదటి స్థానంలో ఉంది. ఆల్బమ్ తయారవుతున్న నెలల్లోనే బృందంలోని రెండు జంటలు విడిపోయాయి, డ్రమ్మర్ కాపురమూ చెదిరింది. ఒకరి మీద ఒకరు రాసుకున్న పాటలకు వాళ్లే పక్కపక్కన నిలబడి వాయించి, గొంతు కలిపారు. ఈ సంగతి తెలిశాక మాటలు పట్టించుకుంటూ వినండి, ఒక ఇంటి నాలుగు గోడల మధ్య జరిగిన సంభాషణ మొత్తం వినిపిస్తుంది. 2020లో ఒక చిన్న వీడియో పుణ్యమా అని ఇది మళ్లీ అమెరికా తొలి పది ఆల్బమ్‌ల్లోకి వచ్చింది. 43 ఏళ్ల తర్వాత కొత్త పిల్లలు విని నిలబెట్టారు. 'సాటర్డే నైట్ ఫీవర్' రెండు రికార్డుల సినిమా ఆల్బమ్, 24 వారాలు మొదటి స్థానం. దీని మొదటి వైపు ఒక్కటే పూర్తి భోజనం. బీ జీస్ పాటలు నాలుగు వరుసగా వచ్చి, ఐదోది వాళ్లే రాసి ఇవాన్ ఎలిమన్ చేత పాడించినది. మిగిలిన మూడు వైపుల్లో ఎగుడుదిగుళ్లు ఎక్కువ. 'స్టేయిన్ అలైవ్' వినేటప్పుడు డ్రమ్ముల మీద మనసు పెట్టండి. డ్రమ్మర్ ఇంటి కష్టం వల్ల ఊరు వెళ్తే, 'నైట్ ఫీవర్' టేపులోంచి కొద్దిపాటి ముక్క కోసి, చుట్టగా అతికించి, అదే తిప్పుతూ పాట నడిపించారు. ఆ మార్పులేని అడుగే పాటకు ప్రాణమైంది. ఈ జంటలో కొనవలసింది 'రూమర్స్'. రెండోదాన్ని ఫోనులో వినడం చాలు.

*'ట్రూ బ్లూ' (1986), 'ఫెయిత్' (1987).* మడోన్నా ఆల్బమ్‌లో 'లా ఇస్లా బోనీటా', 'లివ్ టు టెల్' వంటివి విడివిడిగా ఎంత బాగున్నా, ఆల్బమ్‌గా మధ్యమధ్య పట్టు సడలుతుంది. జార్జ్ మైకేల్ 'ఫెయిత్' అలా కాదు. చర్చి ఆర్గన్‌తో మొదలై, అది ఆగిన చోట గిటార్ అందుకుంటుంది. ఆ ఆర్గన్ వాయించేది ఆయన పాత బృందం వామ్ పాట బాణీ. పాత పేరును సాగనంపి కొత్త పేరుతో లోపలికి వచ్చాడన్నమాట. దాదాపు అన్ని పాటలూ రాసింది, నిర్మించింది, వాద్యాల్లో చాలావాటిని వాయించింది ఆయనే. ఇందులోంచి నాలుగు పాటలు అమెరికాలో మొదటి స్థానం పొందాయి. 'వన్ మోర్ ట్రై' నిదానంగా సాగే పాట. రాత్రి దీపాలు తగ్గించి పెద్ద స్పీకర్ల మీద వినవలసిన గొంతు అది. ఇక్కడ నాకు సందేహమే లేదు, 'ఫెయిత్'.

విట్నీ హ్యూస్టన్ విషయంలో జనం సాధారణంగా 'ద బాడీగార్డ్' (1992) సినిమా ఆల్బమ్ కొంటారు. 20 వారాలు మొదటి స్థానం, అందులోని ప్రసిద్ధ పాట 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ' సింగిల్స్ చార్టులో 14 వారాలు. అయితే ఆ ఆల్బమ్‌లో ఆమె పాడినవి ఆరే. మిగతావి వేరేవారివి. గొంతు కోసం కొనేవారు 1985 నాటి తొలి ఆల్బమ్ కొనడం న్యాయం.

1990ల చివరి బాయ్ బ్యాండ్లు, గర్ల్ గ్రూపుల గురించి ఎక్కువ చెప్పను. వాటిలో గొప్ప పాటలు ఉన్నాయి, గొప్ప ఆల్బమ్‌లు తక్కువ. నచ్చిన నాలుగేసి పాటలతో సొంత జాబితా చేసుకోవడం వాటికి అన్యాయం కాదు.

మన దేశపు పాప్‌ను ఈ వరుసలో వదలకూడదు. వంతెన కూడా ఒకటుంది. 1974లో బ్రిటన్, అమెరికా రెండు చార్టుల్లోనూ మొదటి స్థానం పొందిన 'కుంగ్ ఫూ ఫైటింగ్' పాట నిర్మాత బిడ్డూ బెంగళూరువాడు. ఆయనే 1981లో పాకిస్తానీ గాయని నాజియా హసన్ 'డిస్కో దీవానే', 1995లో అలీషా చినాయ్ 'మేడ్ ఇన్ ఇండియా' తీర్చిదిద్దాడు. ఈ మూడూ ఒకే సాయంత్రం వింటే, ఒక మనిషి పనితనం ఇరవై ఏళ్లలో ఎలా మారిందో, ఏది మారలేదో తెలుస్తుంది. లక్కీ అలీ 'సునో' (1996) మాత్రం వీటికి భిన్నం. దాని మీద కాలం ముద్ర అంతగా కనబడదు.

అసలు ఆల్బమ్, సంకలనం, డీలక్స్

హిట్ల సంకలనం కొనడం తక్కువ రుచి అని కొందరు పెద్దమనుషులు అంటారు. ఒప్పుకోను. ఆబ్బాకు సంకలనమే సరైన దారి. 1992 నాటి 'ఆబ్బా గోల్డ్' 19 పాటల సీడీ. బ్రిటన్ చార్టులో 1000 వారాలు పూర్తి చేసిన తొలి ఆల్బమ్ అది, 2021లో. ఆ బృందం బలం ఒక్కొక్క పాటను విడి రత్నంగా చెక్కడంలో ఉంది. 1976 నాటి 'అరైవల్' కూడా చక్కని ఆల్బమే, కానీ రెండో మెట్టు. బోనీ ఎమ్‌కు మాత్రం సంకలనంలో ఒక నష్టం ఉంది. 'నైట్‌ఫ్లైట్ టు వీనస్' మొదటి పాట ఆగకుండా 'రాస్పుటిన్'లోకి దూకుతుంది. ఆ దూకుడు విడి పాటలో పోతుంది. 'రూమర్స్', 'ఫెయిత్', 'డార్క్ సైడ్' వంటివాటిని ముక్కలు చేయనే కూడదు.

డీలక్స్ కూర్పుల దగ్గర జాగ్రత్త. ఇరవయ్యో ఏడు, నలభయ్యో ఏడు అంటూ తెచ్చే వాటిలో అసలు పాటల తర్వాత సాధన రికార్డింగులు, కచేరీ పాటలు, రీమిక్సులు గుదిగుచ్చి ఉంటాయి. మొదటిసారి వినేవారికి ఆల్బమ్ ఎక్కడ ముగిసిందో అర్థం కాదు. కొన్నిసార్లు మాత్రం న్యాయం జరుగుతుంది. ఫ్లీట్‌వుడ్ మ్యాక్ గాయని స్టీవీ నిక్స్ పాట 'సిల్వర్ స్ప్రింగ్స్' నిడివి సరిపోక 'రూమర్స్' రికార్డులో చోటు దక్కించుకోలేదు. తర్వాతి కూర్పుల్లో చేరింది. ఆ పాట కోసం డీలక్స్ వినవచ్చు, అసలు ఆల్బమ్ ఒకసారి పూర్తిగా విన్న తర్వాత.

'రీమాస్టర్' అన్న మాట చూసి మెరుగనుకోవద్దు. 1990ల చివరి నుంచి చాలా పాత ఆల్బమ్‌లను తిరిగి విడుదల చేసేటప్పుడు మొత్తం శబ్దాన్ని పెంచేశారు. మెల్లని చోట్లూ, పెద్ద చోట్లూ ఒకే ఎత్తుకు వచ్చేశాయి. కారులో బాగానే ఉంటుంది. ఇంట్లో పావుగంట వినేసరికి చెవి అలసిపోతుంది. 1980ల్లోనో, 90ల మొదట్లోనో వచ్చిన పాత సీడీ చౌకగా దొరికితే, కొత్తదాని కంటే దాన్నే ఎంచుకోండి. వాల్యూమ్ కొంచెం ఎక్కువ పెట్టుకోవాల్సి వస్తుంది, అంతే.

రికార్డు, క్యాసెట్, సీడీ, స్ట్రీమింగ్: ఉప్పుగాలి లెక్క

హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉన్నవారు రాసే సలహాలు విశాఖకు యథాతథంగా పనికిరావు. పాండురంగపురం, చినవాల్తేరు, లాసన్స్ బే కాలనీ, ఎంవీపీ కాలనీ వంటి చోట్ల కిటికీ తీస్తే చాలు, ఉప్పుతేమ ఇంట్లోకి వస్తుంది. అట్టకు బూజు పడుతుంది, లోహానికి తుప్పు పడుతుంది, రబ్బరు కరుగుతుంది. సంగీతాన్ని ఏ రూపంలో దాచుకోవాలన్నది ఇక్కడ రుచితో పాటు వాతావరణం తేల్చే విషయం.

ఎల్పీ రికార్డుతో మొదలుపెడదాం. రికార్డు ప్లాస్టిక్‌కు తేమతో పేచీ లేదు. పేచీ దాని అట్టకూ, లోపలి కాగితపు కవరుకూ. కాగితం మీద పుట్టిన బూజు గాడుల్లోకి పాకితే, ఎంత కడిగినా చిటపటలు పూర్తిగా పోవు. కాగితపు కవరు తీసేసి పలచని పాలిథీన్ లోపలి కవరు వేయండి. పైన మందపాటి పీవీసీ తొడుగులు మాత్రం వద్దు, ఎండాకాలపు వేడికి అవి రికార్డు మీద మచ్చలు తెస్తాయి. నిలువుగా నిలబెట్టాలి, ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. సముద్రం వైపు గోడకు అల్మారా ఆనించవద్దు, కింది అరలో పెట్టవద్దు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కిటికీ అద్దాలు పగలగొట్టి ఇళ్లలోకి వాన కొట్టిన సంగతి ఊరంతా ఎరుగుదుము. మే నెలలో కారు డిక్కీలో రికార్డు మరిచిపోతే సాయంత్రానికి వంకర తిరుగుతుంది.

శబ్దం సంగతి. రికార్డు ఒక్కో వైపు దాదాపు 20 నిమిషాలకు బాగా పలుకుతుంది. నిడివి పెరిగితే గాడులు ఇరుకవుతాయి, శబ్దం పలచబడుతుంది. 'థ్రిల్లర్' తొలి మిక్స్‌కు ఇదే ఇబ్బంది వచ్చింది. నిర్మాత క్విన్సీ జోన్స్ బృందం విని పెదవి విరిచి, పాటలు కుదించి మళ్లీ మిక్స్ చేసింది. ఆ ఆల్బమ్ అంత బిగువుగా ఉండటానికి రికార్డు నిడివి కూడా ఒక కారణం. మధ్యకు వెళ్లేకొద్దీ ముల్లు కింద గాడి వేగం తగ్గి, పెద్ద శబ్దాలు చెదురుతాయి. అందుకే ప్రతి వైపు చివర సాధారణంగా నెమ్మది పాట పెట్టేవారు. పాత ఆల్బమ్‌ల పాటల వరుసకు ఇలాంటి కారణాలు ఉన్నాయి కాబట్టే ఆ వరుస చెడగొట్టకుండా వినమని చెప్పేది. ఇక సూట్‌కేసు ఆకారంలో చౌకగా అమ్మే ప్లేయర్లు కొనవద్దు. వాటిలో చాలావాటి ముల్లు బరువు ఎక్కువ, మంచి రికార్డును గీరేస్తాయి. ముల్లు బరువు సరిచేసుకునే వీలున్న ప్లేయరు కొనే స్తోమత లేకపోతే ఎల్పీ జోలికి పోకపోవడమే మంచిది.

క్యాసెట్ కొత్తగా కొనమని ఎవరికీ చెప్పను. ఇంట్లో ఉన్నవాటిని కాపాడుకోవాలి, అదీ వెంటనే. మూత తీసి, చిన్న కిటికీలోంచి రీలు చుట్ట అంచు చూడండి. తెల్లని పొడి కనిపిస్తే అది బూజు. అలాంటిదాన్ని ప్లేయర్‌లో పెడితే, టేపును తాకి శబ్దం అందుకునే హెడ్‌కు అంటుకుని, తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కూ పాకుతుంది. విడిగా ఉంచి, శుభ్రం చేయడం తెలిసినవారికి ఇవ్వండి. బాగున్నవాటిని కూడా ఒకసారి చివరిదాకా ముందుకూ వెనక్కూ తిప్పాకే మోగించాలి. ఏళ్ల తరబడి మూలన పడి ఉన్న ప్లేయరు అయితే లోపలి రబ్బరు బెల్టు జిగురైపోయి ఉంటుంది, మార్పించాలి. హెడ్‌ను దుకాణంలో దొరికే ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌తో దూది పుల్లకు అద్ది తుడవాలి. అచ్చు క్యాసెట్లు, అంటే కంపెనీ ఆల్బమ్‌లు, పోయినా మళ్లీ వేరే రూపంలో దొరుకుతాయి. రేడియో నుంచి పట్టుకున్నవీ, పెళ్లిలో ఇంటివారు పాడినవీ దొరకవు. కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి ముందు వరుసలో వాటినే పెట్టండి.

సీడీ ఈ ఊరికి నప్పిన రూపం. 1982లో మార్కెట్‌లోకి వచ్చిన ఆ పళ్లేనికి సాధారణంగా బూజు సోకదు, అరుగుదల లేదు. జాగ్రత్త ఒక్కటే: చాలామంది మెరిసే వైపు గీతలు పడకుండా చూస్తారు, బొమ్మ ఉన్న వైపు నిర్లక్ష్యం చేస్తారు. అల్యూమినియం పొర ఉండేది బొమ్మ కిందే, పలచని లక్క పూత వెనుక. అటు గీత పడితే తేమ లోపలికి దిగి పొర తినేస్తుంది. పాత సీడీ కొనేటప్పుడు దీపం ముందు ఎత్తి పట్టుకోండి, సూదిబెజ్జాల్లాంటి వెలుతురు చుక్కలు కనిపిస్తే వదిలేయండి. కొన్నాక కంప్యూటర్‌లో ఫ్లాక్ రూపంలో (శబ్దంలో ఏమీ పోకుండా దాచే ఫైలు) ఎక్కించి రెండు చోట్ల దాచుకుంటే, తుపానుకూ తుప్పుకూ అందనంత భద్రం. ఒక కొత్త ఎల్పీ ధరకు నాలుగైదు పాత సీడీలు వస్తాయి.

స్ట్రీమింగ్ వెతకడానికి సాటిలేనిది. కొనే ముందు వినడానికి దాన్నే వాడండి. అయితే అమరికలు మార్చకుండా ఆల్బమ్ వినవద్దు. పాటలు కలగలిపే బొత్తాం ఆపేయాలి. పాటకూ పాటకూ మధ్య ఒకదానిలోకి ఒకటి కరిగించే క్రాస్‌ఫేడ్ సున్నా చేయాలి. ఆల్బమ్ ముగియగానే తనంతట తాను వేరే పాటలు మొదలుపెట్టే ఆటోప్లే తీసేయాలి. ఒకే ఆల్బమ్‌కు నాలుగు కూర్పులు కనిపిస్తాయి, పాటల సంఖ్య అసలుదానితో సరిపోయేదాన్ని తీసుకోండి: 'థ్రిల్లర్'కు తొమ్మిది, 'రూమర్స్'కు పదకొండు. కంపెనీల ఒప్పందాలు మారితే జాబితాలోంచి ఒక్కోసారి పాటలు మాయమవుతాయి. కాబట్టి ప్రాణప్రదమైన పది ఆల్బమ్‌లు మాత్రం చేతిలో పట్టుకునే రూపంలో ఉండాలి.

ఎవరికి ఏది

ఇప్పుడే మొదలుపెడుతున్న విద్యార్థికి డబ్బు ఖర్చు అవసరం లేదు. ఫోను, ఒక మంచి వైరు హెడ్‌ఫోన్ చాలు. వారానికి ఒక్క ఆల్బమ్, వరుస తప్పకుండా. ఆర్‌కే బీచ్ నుంచి భీమిలి దాకా బస్సులోనో కారులోనో వెళ్లే దారి దాదాపు ఒక ఎల్పీ నిడివి. ఋషికొండ దాటేసరికి మొదటి వైపు అయిపోతుంది. మొదటి నెల: 'థ్రిల్లర్', 'రూమర్స్', 'ఆబ్బా గోల్డ్', 'ఫెయిత్'. ఈ నాలుగూ నచ్చకపోతే పాప్ మీ దారి కాదు, నిశ్చింతగా వేరే సంగీతానికి వెళ్లవచ్చు.

అరవై దాటిన అమ్మానాన్నలకు బహుమతి ఇవ్వాలనుకునేవారు ఎల్పీ కొని పెట్టాలని ఉబలాటపడతారు. వాళ్లు ముల్లు ఎత్తి, రికార్డు తిప్పి, దుమ్ము తుడిచే ఓపికతో ఉన్నారా అని ముందు చూడండి. లేకపోతే సీడీ ప్లేయరు ఇవ్వండి. బొత్తాలు కొన్నే, మెనూలు లేవు, చేతికి తెలిసిన వస్తువు. బోనీ ఎమ్, ఆబ్బా, బీ జీస్ సీడీలు మూడు జతచేస్తే చాలు. తెరల మీద పాట వెతకడం అలవాటు లేని నాన్నగారికి, స్ట్రీమింగ్ చందా కంటే అది ఎక్కువగా ఉపయోగపడుతుంది.

రికార్డులే కావాలని పట్టుబట్టేవారికి మరో మాట. హౌరా వెళ్లే రైలు ఎక్కే పని పడితే, పాత రికార్డులకు పేరుపడ్డ కలకత్తా మీర్జా గాలిబ్ వీధి, అంటే పాత ఫ్రీ స్కూల్ స్ట్రీట్, చూసి రండి. దమ్‌దమ్ కర్మాగారంలో హెచ్.ఎం.వి. అచ్చువేసిన పాత ప్రతులు అక్కడ చేతికి తగలవచ్చు. కొనేముందు రికార్డును బయటకు తీసి వెలుతురుకు వాలుగా పట్టి గీతలు చూడాలి. నడిమి బెజ్జం చుట్టూ లేబుల్ మీద సన్నని గీతలు ఎంత ఎక్కువ ఉంటే అంత ఎక్కువసార్లు ప్లేయర్ మీదికి ఎక్కిందని అర్థం. అట్టలోపల ఉన్నది అట్ట మీద రాసిన రికార్డేనా అన్నది తప్పకుండా చూసుకోండి. అట్ట ముక్కవాసన వేస్తుంటే ఎంత అరుదైనదైనా ఇంటికి తేవద్దు, అల్మారాలో ఉన్న మిగతావాటిని పాడుచేస్తుంది.

చేతిలో ఉన్న డబ్బు పరిమితమైతే, దాన్ని పంచే వరుస నాకు ఇలా తోస్తుంది: సగం స్పీకర్లకు, పావు వంతు ప్లేయరుకు, మిగిలింది ఆల్బమ్‌లకు. సాధారణ సీడీ ప్లేయరుకు మంచి స్పీకర్లు కలిపితే 'ఫెయిత్'లోని ఆర్గన్ గది నిండుతుంది. ఖరీదైన టర్న్‌టేబుల్‌కు చిన్న బ్లూటూత్ డబ్బా తగిలిస్తే పెట్టిన డబ్బంతా వృథా. స్పీకర్లను మూలల్లోంచి జానెడు దూరం జరిపి, కూర్చునే కుర్చీకీ వాటికీ సమదూరం ఉండేలా పెట్టండి. వాటి వెనుక వైరు బిగించే చోట్లను ఆరు నెలలకోసారి విప్పి, పొడిగుడ్డతో తుప్పు తుడిచి మళ్లీ బిగించండి. బీచ్‌కు దగ్గరి ఇళ్లలో ఒక స్పీకరు ఉన్నట్టుండి మూగబోవడానికి ఎక్కువసార్లు కారణం ఆ తుప్పే, మెకానిక్ అవసరం ఉండదు.